అపాచీ ఇంక్యుబేటర్‌లో ప్రాజెక్టుకు గ్రాడ్యుయేషన్ ఎప్పుడివ్వాలి?

2016 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్‌లో డీప్ లెర్నింగ్ పనులకు ఎమ్ఎక్స్‌నెట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌నే ముందు పెడతామని ప్రకటించింది. రెండు నెలల తర్వాత, 2017 జనవరిలో, ఆ ప్రాజెక్ట్ అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌లో చేరింది. బయట పుట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు అపాచీ పద్ధతులు నేర్చుకునే చోటు అది. ఐదున్నరేళ్లు దాటాక, 2022 సెప్టెంబర్‌లో, గ్రాడ్యుయేట్ అయింది, అంటే పూర్తిస్థాయి అపాచీ ప్రాజెక్ట్ అయింది. ఏడాది తిరిగేసరికి దాన్ని ఆటిక్‌కు పంపేశారు. అపాచీలో పని ఆగిపోయిన ప్రాజెక్టులను భద్రపరిచే చోటు అది.

అన్నేళ్లు పరిశీలించి పాసు చేసిన ప్రాజెక్ట్ ఏడాదికే ఆగిపోతే, పరిశీలనలోనే ఏదో తేడా ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. గ్రాడ్యుయేషన్‌కు ముందు నిజంగా ఏం చూస్తారో తెలిస్తే ఆ అనుమానం కొంత సర్దుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ తన రంగంలో ఎంత గొప్పదో వాళ్లు చూడరు. ఎన్నేళ్లు బతుకుతుందో కూడా లెక్కకట్టరు.

అపాచీ ఫౌండేషన్ 1999లో ఏర్పడింది. 1995 నుంచి ఒక వెబ్ సర్వర్ మీద కలిసి పనిచేస్తున్న చిన్న బృందం దానికి మూలం. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఈమెయిళ్ల మీద పని నడిపినవాళ్లు కాబట్టి, ఎలా చర్చించాలి, ఎలా ఓటేయాలి, కొత్తవాళ్లను ఎప్పుడు లోపలికి రానివ్వాలి అనేవి వాళ్లకు అలవాటుగా వచ్చేశాయి. బయట పుట్టిన ప్రాజెక్టులు, ముఖ్యంగా కంపెనీల గోడల మధ్య పెరిగినవి, వచ్చి చేరడం మొదలయ్యాక చిక్కు వచ్చింది. వాళ్ల కోడ్ బాగుండేది, ఈ అలవాట్లు మాత్రం ఉండేవి కావు. అందుకే 2002లో ఇంక్యుబేటర్ పెట్టారు. అందులో ఉన్న ప్రాజెక్ట్‌ను పాడ్లింగ్ అంటారు. దానికి కొందరు మెంటర్లుంటారు. మొదటి మూడు నెలలు నెలనెలా, తర్వాత మూడు నెలలకోసారి రిపోర్ట్ ఇవ్వాలి. రిలీజ్ పేరులో "ఇంక్యుబేటింగ్" అన్న తోక ఉండాలి, ఇది ఇంకా పూర్తిస్థాయి అపాచీ ప్రాజెక్ట్ కాదని చెప్పే డిస్‌క్లెయిమర్ ఫైలు ఉండాలి. ఇల్లు ఎంత అందంగా కట్టారన్నది పక్కనపెట్టి, వీళ్లు వేరు కాపురం పెడితే సంసారం నడుపుకోగలరా అని పెద్దవాళ్లు చూసినట్టుంటుంది ఈ వ్యవహారమంతా.

ముందుగా కాగితాల పని. ఇది విసుగు పుట్టించేదే, కానీ ఇక్కడ తప్పించుకోవడానికి దారి లేదు. కోడ్ ఏ కంపెనీదైతే ఆ కంపెనీ దాన్ని ఫౌండేషన్‌కు రాసివ్వాలి. కమిటర్లు, అంటే కోడ్‌లో నేరుగా మార్పులు చేసే హక్కున్నవాళ్లు, ఒక్కొక్కరూ తమ పేరు మీద ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ప్రాజెక్ట్ పేరు వేరే ఎవరి ట్రేడ్‌మార్క్‌తోనూ గొడవ పడకూడదు, ఆ పేరు మీద హక్కు ఫౌండేషన్‌కు చేరాలి. కంపెనీలు కోడ్ ఇవ్వడానికి చూపించే ఉత్సాహం పేరు ఇవ్వడానికి చూపించకపోవడం ఉంది. ఎందుకంటే మార్కెటింగ్ అంతా ఆ పేరు మీదే నడుస్తుంది.

ఆ తర్వాత లైసెన్సుల లెక్క. బయటి లైబ్రరీల లైసెన్సులను అపాచీ మూడు రకాలుగా విడగొట్టింది. ఎ వర్గంవి నిశ్చింతగా వాడుకోవచ్చు, బి వర్గంవి షరతులతో వాడొచ్చు, ఎక్స్ వర్గంవి కలపకూడదు. ఇందులో తమాషా కథలున్నాయి. జేసన్ అనే డేటా ఫార్మాట్‌కు రాసిన కోడ్‌తో వచ్చే జేసన్ లైసెన్స్‌లో "ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు" అన్న అర్థం వచ్చే ఒక వాక్యం ఉంటుంది. చదివితే నవ్వొస్తుంది, లాయర్‌కు మాత్రం తలనొప్పి వస్తుంది. మంచేదో చెడేదో ఎవరు తేలుస్తారు? 2016లో దాన్ని ఎక్స్ వర్గంలో పడేశారు. దాన్ని వాడుతున్న ప్రాజెక్టులన్నీ ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. మరుసటేడాది ఫేస్‌బుక్ పేటెంట్ షరతు ఉన్న లైసెన్స్‌నూ అందులోనే వేశారు. వెబ్ పేజీలు తయారుచేయడానికి ఫేస్‌బుక్ ఇచ్చిన రియాక్ట్ లైబ్రరీ అప్పట్లో ఆ లైసెన్స్ కిందే ఉండేది. గొడవ పెరిగి, కొన్ని వారాల్లోనే ఫేస్‌బుక్ రియాక్ట్‌ను ఎమ్ఐటీ లైసెన్స్‌కు మార్చింది.

ఎమ్ఎక్స్‌నెట్‌ను ఇబ్బంది పెట్టినవాటిలో ఈ లైసెన్సుల లెక్క కూడా ఒకటి. డీప్ లెర్నింగ్ అంటే ఎన్‌విడియా జీపీయూలు కావాలి. వాటి మీద లెక్కలు నడపడానికి క్యూడా లైబ్రరీలు కావాలి. అవి ఎన్‌విడియా సొంత షరతుల కింద ఉంటాయి. వాటిని కలిపి కట్టిన బైనరీలనే (నేరుగా నడిచే ఫైళ్లనే) జనం ఇన్‌స్టాల్ చేసుకుంటారు, అవి లేకపోతే ప్రాజెక్ట్ వైపు ఎవరూ చూడరు. అపాచీ నిబంధనల్లో రిలీజ్ అంటే సోర్స్ కోడే, బైనరీలు వాడేవాళ్ల సౌకర్యం కోసం ఇచ్చేవి మాత్రమే. కానీ ఆ సౌకర్యానికీ లైసెన్స్ నియమాలు వర్తిస్తాయి. ఇలాంటి చిక్కులు విప్పుకునేలోగా లైసెన్స్‌లో తెలిసిన లోపాలున్నా సరే, వాటిని బయటికి చెప్పి రిలీజ్ చేసుకునే వెసులుబాటును ఇంక్యుబేటర్ తర్వాతి కాలంలో కల్పించింది. గ్రాడ్యుయేషన్ నాటికి మాత్రం ఆ లోపాలు తీరిపోయి ఉండాలి.

రిలీజ్ చేయగలగడం కూడా చిన్న పరీక్షేం కాదు. కనీసం 72 గంటల ఓటింగ్ పెట్టాలి. చెల్లుబాటయ్యే ప్లస్ వన్ (అనుకూల) ఓట్లు కనీసం మూడు రావాలి, అవి మైనస్ వన్ (వ్యతిరేక) ఓట్ల కన్నా ఎక్కువ ఉండాలి. పాడ్లింగ్‌కైతే ఇంక్యుబేటర్ కమిటీ సభ్యుల ఓట్లు కూడా కావాలి. ఓటేసేవాళ్లు రిలీజ్‌ను దింపుకుని, సంతకం సరిచూసి, లైసెన్స్ ఫైళ్లు చదివి, బిల్డ్ చేసి చూసి మరీ ఓటేయాలి. మొదటి రిలీజ్‌కు చాలా పాడ్లింగులు ఇక్కడే దెబ్బతింటాయి. హక్కుల వివరాలు రాసే నోటీస్ ఫైలులో ఉండాల్సింది ఉండదు, అక్కర్లేనిది ఉంటుంది. ఒక విషయం బయటివాళ్లకు వింతగా తోస్తుంది. కోడ్ మార్పు మీద కారణం చెప్పి మైనస్ వన్ వేస్తే అది వీటో, ఆ మార్పు ఆగిపోతుంది. రిలీజ్ మీద మైనస్ వన్‌కు ఆ బలం లేదు. ఒక్కరి అలక వల్ల రిలీజ్ ఆగిపోకూడదని అలా పెట్టారు.

ఇక్కడిదాకా ఉన్నవన్నీ చెక్‌లిస్ట్‌లో టిక్ పెట్టుకుంటూ పోయే పనులు. ఓపిక ఉన్న కంపెనీ ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి చేయించుకోగలదు. అసలు సంగతి స్వతంత్రత దగ్గర మొదలవుతుంది.

పోషించే కంపెనీ రేపు చేతులెత్తేస్తే ప్రాజెక్ట్ నడుస్తుందా? ఒకప్పుడు దీన్ని అంకెతో కొలిచేవాళ్లు. ఒకరితో ఒకరికి సంబంధం లేని సంస్థల నుంచి కనీసం ముగ్గురు కమిటర్లుండాలి అనేవాళ్లు. అంకె పెట్టగానే దాన్ని చేరుకునే ఉపాయాలూ పుడతాయి. పక్క కంపెనీలో ఉన్న స్నేహితుడిని కమిటర్‌ను చేస్తే లెక్క సరిపోతుంది, కానీ అతను ఏడాదికి నాలుగు కమిట్లు కూడా చేయకపోతే స్వతంత్రత ఎక్కడినుంచి వస్తుంది? అందుకే తర్వాత రూపొందిన, ప్రాజెక్ట్ పరిణతిని చూసే అపాచీ మెచ్యూరిటీ మోడల్ ఈ విషయంలో అంకెలు పట్టుకోకుండా, ప్రాజెక్ట్ మీద ఏ ఒక్క సంస్థ పెత్తనమూ ఉండకూడదనీ, సభ్యులు తమ కంపెనీ ప్రతినిధులుగా కాక వ్యక్తులుగా వ్యవహరించాలనీ అడుగుతుంది. కమిటర్ హోదా ఉద్యోగానికి ముడిపడి ఉండదు. ఉద్యోగం మారినా ఆ మనిషితోనే వెళ్తుంది.

గ్రూవీ కథ దీనికి మంచి ఉదాహరణ. 2003 నుంచి ఉన్న ప్రోగ్రామింగ్ భాష అది. ప్రధాన డెవలపర్లకు జీతాలిస్తున్న పివోటల్ కంపెనీ, 2015 మార్చి తర్వాత ఇక డబ్బు పెట్టబోమని ఆ ఏడాది మొదట్లో ప్రకటించింది. పోషకుడు వెళ్లిపోయిన ఆ మార్చిలోనే గ్రూవీ ఇంక్యుబేటర్‌లో అడుగుపెట్టి, నవంబర్‌కల్లా గ్రాడ్యుయేట్ అయింది. ఎనిమిది నెలలంటే చాలా తక్కువ. మిగతా ప్రాజెక్టుల దగ్గర "కంపెనీ వెళ్లిపోతే ఏమవుతుంది?" అని ఊహించి చూడాలి. గ్రూవీ దగ్గర అది అప్పటికే జరిగిపోయింది, అయినా జనం మిగిలారు.

పెద్ద డేటాను ప్రాసెస్ చేసే స్పార్క్‌కు కూడా దాదాపు అంతే పట్టింది. 2009లో బర్కిలీ యూనివర్సిటీ ల్యాబ్‌లో పుట్టి, 2013 జూన్‌లో ఇంక్యుబేటర్‌లో చేరి, 2014 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. ఆ పాటికే యాహూ, ఇంటెల్ లాంటి చోట్ల ఇంజినీర్లు దానికి కోడ్ పంపుతున్నారు. ఒరాకిల్ ఇచ్చిన, కోడ్ రాసుకునే సాధనం నెట్‌బీన్స్‌కు మాత్రం 2016 అక్టోబర్ నుంచి 2019 ఏప్రిల్ దాకా, రెండున్నరేళ్లు పట్టింది. ఏళ్ల తరబడి ఒక కంపెనీలో పేరుకున్న కోడ్ అది, విడతలు విడతలుగా చేతికొచ్చింది, ప్రతి ఫైలు హక్కులూ సరిచూసుకోవాలి. కాబట్టి ఎన్నాళ్లు ఉన్నారన్నదాన్ని బట్టి యోగ్యత తేల్చడం కుదరదు.

మరి దేన్ని బట్టి తేల్చాలి? నా మటుకు నేను మొదట చూసేది గొడవలు. ఒక ముఖ్యమైన మార్పు మీద ఇద్దరు పడలేదు. ఆ వాదన అందరికీ కనిపించే చోట జరిగిందా, లేక నాలుగు రోజులు నిశ్శబ్దంగా ఉండి ఐదోరోజు "మేం మాట్లాడుకున్నాం, ఇలా చేస్తున్నాం" అన్న ఒక్క మెయిల్ వచ్చిందా? రెండోది జరిగిందంటే నిర్ణయాలు ఇంకా కంపెనీ మీటింగ్ రూమ్‌లోనే జరుగుతున్నాయని అర్థం. మెయిలింగ్ లిస్టులో జరగనిది అసలు జరగనట్టే లెక్క అని అపాచీలో తరచూ అంటుంటారు. ఆ పట్టుదల ఎందుకో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని కోడ్ రాసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ పెడితే మనకు తెల్లవారుజాము అవుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు నిర్ణయంలో వాటా ఉండాలంటే వాదన రాతలో జరగాలి, మూడు రోజులైనా తెరిచి ఉండాలి.

రెండోది, కొత్తవాళ్లను ఎలా తీసుకున్నారు. చేరిన రోజున ఉన్న కమిటర్ల జాబితా, గ్రాడ్యుయేషన్ రోజున ఉన్న జాబితా పక్కపక్కన పెడితే చాలా తెలుస్తుంది. తేడా లేకపోతే వీళ్లు ఇంకా తలుపు మూసుకునే ఉన్నారు. కొత్త పేర్లున్నా అన్నీ అదే కంపెనీలో కొత్తగా చేరిన ఉద్యోగులవైతే, అది హెచ్‌ఆర్ చేసిన పని. ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి బగ్ రిపోర్ట్‌తో మొదలుపెట్టి, డాక్యుమెంటేషన్ సరిదిద్ది, ప్యాచ్‌లు (చిన్న కోడ్ మార్పులు) పంపి, చివరికి కమిటర్ అయ్యాడంటే దాని విలువ వేరు. అలాంటివాళ్లు నలుగురైదుగురుంటే నేను మిగతా లెక్కలు అంతగా పట్టించుకోను.

మూడోది రిలీజ్ మేనేజర్. ప్రతి రిలీజ్‌నూ ఒకే మనిషి చేస్తున్నాడంటే అతని లీవే ప్రాజెక్ట్‌కు లీవు. వేరువేరు మనుషులు, వీలైతే వేరువేరు కంపెనీలవాళ్లు, రాసిపెట్టిన పద్ధతి చూసుకుంటూ రిలీజ్ చేసి ఉంటే మంచిది.

మెంటర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్లు వాలంటీర్లు. కొందరు మొదటి ఉత్సాహం తగ్గాక కనబడరు. పాడ్లింగ్ దాన్ని తిట్టుకుంటుంది, అది న్యాయమే. కానీ మెంటర్ అవసరమే పడకుండా ఓటు సరిగ్గా పెట్టి, లైసెన్స్ తప్పు తామే పట్టుకుని, రిపోర్ట్ గడువుకు తామే పంపుతున్న పాడ్లింగ్ ఉంటే, దాన్ని ఇంకా ఇంక్యుబేటర్‌లో ఎందుకుంచారని అడగాల్సి వస్తుంది. ఆలస్యానికీ ఖర్చుంది. "ఇంక్యుబేటింగ్" అన్న మాట చూసి ప్రొడక్షన్‌లో వాడటానికి వెనకాడే కంపెనీలున్నాయి. వాడేవాళ్లు తగ్గితే కోడ్ పంపేవాళ్లూ తగ్గుతారు.

ఎమ్ఎక్స్‌నెట్‌ను దెబ్బతీసింది ఈ ఆలస్యమే అని పూర్తిగా అనలేం. ఆ ఐదేళ్లలో దాని పోటీదారు పైటార్చ్ దూసుకొచ్చింది, పరిశోధకులు అటు వెళ్లిపోయారు. గ్రాడ్యుయేషన్ నాటికి కాగితాలు, రిలీజులు, ఓట్లు సరిగ్గానే ఉన్నాయి, కోడ్ రాసే చేతులు మాత్రం పలచబడ్డాయి. అడిగిన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులున్నాయి కాబట్టి గ్రాడ్యుయేషన్ ఇవ్వడం తప్పు కాదు. అయితే చెక్‌లిస్ట్ సాధారణంగా మొత్తం చరిత్రను చూస్తుంది. చివరి ఆరు నెలల్లో ఎవరు పనిచేశారన్న ప్రశ్నను దానికి చేర్చి ఉంటే ఇంకాస్త తటపటాయించేవాళ్లేమో అని నా అభిప్రాయం.

డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్లు చేసుకునే ఓపెన్‌ఆఫీస్‌ది ఇంకోరకం కథ. 2011 జూన్‌లో ఒరాకిల్ దాన్ని అపాచీకి ఇచ్చేనాటికే, డెవలపర్లలో పెద్ద భాగం 2010 సెప్టెంబర్‌లోనే విడిపోయి లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. అపాచీకి పేరు, కోడ్, కోట్ల మంది యూజర్లు వచ్చారు. ఆ పని చేయగల మనుషులు చాలావరకు వేరే గూటిలో ఉన్నారు. 2012 మేలో రిలీజ్ చేసి, అక్టోబర్‌లో గ్రాడ్యుయేట్ అయింది. నాలుగేళ్లకల్లా, ఒక భద్రతా లోపానికి సరిచేసిన వెర్షన్ బయటికి తేవడానికే నెలలు పట్టింది. 2016లో ప్రాజెక్ట్ ఛైర్‌గా ఉన్న వ్యక్తే, మూసేయాల్సి వస్తే ఎలా అన్న చర్చను అందరి ముందూ పెట్టారు. మూయలేదు, ఇప్పటికీ చిన్న రిలీజులు వస్తున్నాయి. కానీ అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కు ఎంతమంది కావాలన్నది గ్రాడ్యుయేషన్ లెక్కలో లేదు. చిన్న లైబ్రరీకైనా, ఆఫీస్ సూట్‌కైనా రిలీజ్‌కు కావాల్సింది మూడు ఓట్లే. ఇది ఆ పద్ధతిలో నిజంగానే ఉన్న లోటు అంటాను.

గ్రాడ్యుయేట్ కాకపోవడం ఎప్పుడూ ఓటమే అనుకోనక్కర్లేదు. నలుగురూ కలిసి రాసుకునే, మాట్లాడుకునే సాధనమైన గూగుల్ వేవ్ నుంచి వచ్చిన ప్రాజెక్ట్ 2010 చివర్లో చేరి, ఏడేళ్లు అక్కడే ఉండి, 2018 జనవరిలో రిటైర్ అయింది. అది నిజంగానే మనుషుల్లేక ఆగిపోయింది. సర్వీసుల మధ్య రిక్వెస్టులు ఎక్కడ ఆలస్యమవుతున్నాయో చూపించే జిప్‌కిన్ అలా కాదు. 2018లో చేరి, ఏడాదిలోపే ఈ పద్ధతులు తమకు సరిపడవని వాళ్లే నిర్ణయించుకుని బయటికెళ్లి మునుపటిలా సొంతంగా నడుపుకుంటున్నారు. కలిసి చర్చించి వెళ్లిపోవాలని తేల్చుకోగలిగారంటే, స్వతంత్రత పరీక్షలో వాళ్లకు మంచి మార్కులే పడాలి.

అపాచీలాంటి ఇంకో సంస్థ, క్లౌడ్ సాఫ్ట్‌వేర్ కుబర్నెటిస్ ఉన్న సీఎన్‌సీఎఫ్‌లో (క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్) తూకం వేరుగా ఉంటుంది. అక్కడ శాండ్‌బాక్స్, ఇంక్యుబేటింగ్, గ్రాడ్యుయేటెడ్ అని మూడు మెట్లు. ప్రొడక్షన్‌లో వాడుతున్న కంపెనీలను అడిగి చూస్తారు, బయటివాళ్లతో సెక్యూరిటీ ఆడిట్ చేయిస్తారు, సాంకేతిక కమిటీలో మూడింట రెండు వంతుల ఓటు కావాలి. వాడేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది ఎక్కువ భరోసా ఇస్తుంది. అయితే ఒకే కంపెనీ మీద ఆధారపడకూడదన్న విషయంలో అపాచీతో పోలిస్తే సీఎన్‌సీఎఫ్ పట్టు తక్కువగా కనిపిస్తుంది. సర్వీసుల మధ్య ట్రాఫిక్‌ను చూసుకునే, 2021 జూలైలో అక్కడ గ్రాడ్యుయేట్ అయిన లింకర్‌డీని తీసుకోండి. దాని వెనకున్న బాయంట్ కంపెనీ, ఇకపై స్టేబుల్ రిలీజులు తమ కమర్షియల్ ప్యాకేజీగానే వస్తాయని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. కోడ్ ఓపెన్‌గానే ఉంది, ఎడ్జ్ రిలీజులు (తాజా మార్పులతో తరచూ వచ్చేవి) వస్తూనే ఉన్నాయి, నియమాలేవీ తప్పలేదు. అయినా గ్రాడ్యుయేటెడ్ అన్న ముద్ర చూసి నమ్మకంగా వాడుతున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. స్టేబుల్ రిలీజ్ చేయగల ఇంకో గుంపు ప్రాజెక్ట్‌లో ఉండి ఉంటే వాళ్లకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

అపాచీలో చివరి అడుగులు మామూలుగానే ఉంటాయి. పాడ్లింగ్ తనలో తాను చర్చించి ఓటేసుకుంటుంది. తీర్మానం రాసి, మొదటి ఛైర్‌గా ఎవరుండాలో సూచిస్తుంది. ఇంక్యుబేటర్ కమిటీ దాన్ని సిఫార్సు చేస్తుంది. తొమ్మిది మంది సభ్యుల బోర్డు నెలవారీ సమావేశంలో ఆమోదిస్తుంది. ఛైర్‌కు ఫౌండేషన్ వైస్ ప్రెసిడెంట్ అన్న హోదా వస్తుంది. పేరు ఘనం, జీతం సున్నా. ఆ హోదాతో వచ్చే ముఖ్యమైన పని బోర్డుకు రిపోర్ట్ ఇవ్వడం, తొలి మూడు నెలలు నెలనెలా, ఆ తర్వాత మూడు నెలలకోసారి. మధ్యలో ఇక ఇంక్యుబేటర్ ఉండదు.

ఆ రిపోర్టుల్లోనే ప్రాజెక్ట్ ఆరోగ్యం బయటపడుతుంది. బెంగళూరులోని ఇన్‌మొబి నుంచి వెళ్లిన రెండు ప్రాజెక్టులనే చూడండి. ఫాల్కన్ 2013లో చేరి 2014 చివర్లో గ్రాడ్యుయేట్ అయింది, 2019లో ఆటిక్‌కు వెళ్లింది. లెన్స్ 2015లో గ్రాడ్యుయేట్ అయి, 2020లో అదే దారి పట్టింది. రెండూ పెద్ద డేటాకు హడూప్ అనే సాఫ్ట్‌వేర్ వెలిగిన రోజుల్లో నిజమైన అవసరానికి పుట్టినవే, ఆ అవసరం చల్లబడింది. ఒక ప్రాజెక్ట్ మీద బోర్డుకు అనుమానం వస్తే, ఇంకా ఎవరెవరున్నారో చేతులెత్తమని అడుగుతుంది. ముగ్గురు పలకకపోతే రిలీజ్ ఓటు సాధ్యం కాదు, భద్రతా లోపం వస్తే సరిచేసే దారి ఉండదు. ఆటిక్‌కు పంపడానికి ఇదే ప్రధాన కారణం. అక్కడికి వెళ్లిన కోడ్ చదవడానికి మిగిలే ఉంటుంది, ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే కాపీ తీసుకుని వేరుగా నడుపుకోవచ్చు. మళ్లీ అపాచీ పేరుతోనే నడపాలనుకుంటే చెల్లుబాటయ్యే ఓటు వేయగల ముగ్గురినైనా కూడగట్టుకోవాలి. అంతమంది లేకపోతే మళ్లీ ఇంక్యుబేటర్ గుండానే రావాలి.